ఒక్కసారే కడిగిన ముక్క

ఏడుసార్లు కడగాలి. ఉప్పల్‌లోని మా ల్యాబులో నా పని అదే. కరెంటు పారే ఆ ఆకుపచ్చ ప్లాస్టిక్ పొరను డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టడం, నీళ్లు పారబోయడం, మళ్లీ నానబెట్టడం. మూడు రోజుల్లో ఏడుసార్లు. తయారీలో మిగిలిన యాసిడ్, రసాయనాలు అలా పోతేనే అది ఒంటికి పడుతుంది. కాకపోతే కడిగేకొద్దీ పచ్చదనం నీలానికి తిరుగుతుంది, కరెంటు పారడమూ తగ్గుతుంది. ఇదంతా తెలిసి కూడా ఒక్కసారి కడిగి ఊరుకున్నాను. నా మీద నాకే ఒళ్లు మండుతోంది.

మా అన్న దామోదర్ నాచారంలో ప్రెస్సు మిషన్ మీద పనిచేసేవాడు. మిషన్ కింద పడి నలిగింది వేళ్లే. షుగర్ ఉండబట్టి పుండు మానక, మణికట్టు దాకా తీసేశారు. మా ల్యాబు కొత్తగా చేసిన ప్లాస్టిక్ చెయ్యి పెట్టుకున్న మొదటి మనుషుల్లో అన్న ఒకడు. మోచేతి కింద మా పొర ముక్కను టేపుతో అతికిస్తారు. అన్న కండ బిగిస్తే ఆ కబురు తీగలోంచి చేతికి అంది వేళ్లు ముడుచుకోవాలి. బాగా కడిగిన ముక్కతో ఒకసారి ముడుచుకుంటే రెండుసార్లు మొండికేసేవి.

"జర మంచిది తేరాదె తారా," అన్నాడు పోయిన ఆదివారం. "బిడ్డ ముంగట గ్లాసు వట్టుకుందామంటె జారిపాయె. నవ్వింది పోరి."

సోమవారం సాయంత్రం, ఒక్కసారే కడిగిన ముక్క పచ్చగా నిగనిగలాడుతుంటే పర్సులో వేసుకుపోయి అతికించి వచ్చాను. అన్న గ్లాసు పట్టుకున్నాడు. నీళ్లు తాగి, నవ్వి, మళ్లీ పట్టుకున్నాడు.

అయినా నా మనసు ఊరుకోలేదు. అదే పొరలో మిగిలిన ముక్కను ల్యాబు పెద్ద ఫణీంద్ర సార్‌కు చెప్పకుండా ఒక రోజు నానబెట్టి, ఆ ద్రవాన్ని ల్యాబులో పెంచే కణాల మీద పోశాను. బతికున్న కణాలు పళ్లేనికి అతుక్కుని సాగి ఉంటాయి, చచ్చినవి గుండ్రంగా తేలతాయి. గురువారం పొద్దున మైక్రోస్కోపులో చూస్తే ఒక్కటి కూడా అతుక్కుని లేదు. ఏడుసార్లు కడిగిన ముక్క ద్రవం పోసినవి అదే పళ్లెంలో పక్క గుంటలో నిక్షేపంగా ఉన్నాయి.

"ఏంటండీ తారామణిగారూ, అలా ఉన్నారు?" అన్నారు మా ఫణీంద్ర సార్.

"తలనొప్పి సార్," అనేసి బయటపడ్డాను. అబద్ధం ఎంత తొందరగా వచ్చిందో!

అన్న ఫోన్ ఎత్తడం లేదు. షేర్ ఆటో హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ఆగిపోయింది. మూడు రోజులు, షుగర్ ఒళ్లు అనుకుంటూ కూర్చున్నాను. నాలుక పిడచకట్టుకుపోయింది. పక్కనున్న పెద్దావిడ అడగకుండానే నీళ్ల సీసా ఇచ్చింది.

నాచారంలో అన్న గడప మీదే ఉన్నాడు. టేపు చుట్టూ చర్మం ఎర్రగా ఉబ్బి ఉంది.

"మంట లేదా అన్నా?"

"మొన్నటి సంది ఉంది. చెప్తె నువ్వు తీస్తవని చెప్పలే."

"నీకు బుద్ధుందా? షుగర్ మనిషివి గాదా నువ్వు?"

"ఇయ్యాల్టికి ఉంచు. బిడ్డను బడికెల్లి రానీ. జడ పట్టుకుంట, నువ్వు అల్లు అని దానికి చెప్పిన."

నేను వినలేదు. టేపు మీద చెయ్యి వేశానో లేదో అన్న కండ బిగిసింది, ప్లాస్టిక్ వేళ్లు నా కుడి మణికట్టును పట్టేశాయి. భయంతో ఎడమచేత్తో ఒక్క గుంజు గుంజాను. పొరతోపాటు తోలు కూడా ఊడివచ్చింది. కింద పచ్చి పుండు, తడితడిగా.

"ఇడువు అన్నా, నొస్తుంది."

"నేను పట్టుకోలేదే. ఇడుస్తలేదది."

పొర ఊడిపోయాక ఇక ఆ వేళ్లకు అన్న మాట చేరే దారి లేదు. అన్న పుండు వైపు చూశాడు.

"తారా, మోచెయ్యి గూడ తీస్తరా?"

ఎడమచేత్తో ఫోన్ తీసి సార్ నంబరు నొక్కాను.

"సార్, మా అన్న చేతికి పుండు పడింది. ఆ ముక్క నేను ఒక్కసారే కడిగాను. పరీక్ష కాకముందే నేనే అతికించాను. దవాఖానాకు తీసుకెళ్తున్నాను. అందులో ఏమేం మిగిలి ఉంటాయో డాక్టరుకు మీరే చెప్పండి."

నేను ఆటోను పిలిచాను. ఆ ప్లాస్టిక్ చేతిని ఊడదీయాలని ఇద్దరికీ తోచలేదు. నా మణికట్టు దాని పట్టులో ఉండగానే ఆటో ఎక్కాం.