రాణి వేషం పైడితల్లిది

శాంతమ్మకు యాభై రెండేళ్ళు. సముద్రం అవతల, బియ్యం మిల్లుల పజుండౌంగ్‌లో వాగు ఒడ్డునున్న తెలుగు మిషన్ బడిలో ఇరవై రెండేళ్ళుగా చరిత్ర చెబుతోంది. ఎలిజబెత్తు రాణి పాఠం ప్రతి ఏడూ డిసెంబరులో వస్తుంది. అప్పటికి కొత్త ధాన్యం పడవలు దిగడం మొదలవుతుంది. మిల్లుల ఊక పొగ కిటికీల్లోంచి వచ్చి పిల్లల పుస్తకాల మీద నల్లగా పడుతుంది. ఆ నుసి దులుపుకుంటూనే చెప్పేది. మొదటి ఏళ్ళలో గొంతెత్తి చెప్పేది. ఇప్పుడు నోరు దానంతటదే చెప్పుకుపోతుంటే తను మోకాళ్ళ నొప్పి గురించి ఆలోచిస్తూ నిలబడుతుంది.

1927లో, క్రిస్మసు ముందు, హెడ్మాస్టరు ఆల్బర్ట్ గారు ఆమెను గదిలోకి పిలిచారు.

"జనవరిలో బహుమతుల పండగకి ఇన్‌స్పెక్టరు దొరగారు వస్తున్నారు. ఎలిజబెత్తు రాణి మీద చిన్న నాటకం వేయించండి. స్పెయిను ఓడలు ఓడిపోవాలి, రాణి మోకరించి దేవుడికి స్తోత్రం చెయ్యాలి. అంతే."

శాంతమ్మ రాణి వేషం పైడితల్లికిచ్చింది. పైడితల్లి బియ్యం మిల్లు కూలీ బుల్లియ్య కూతురు, ఏడో క్లాసు. ఆ పిల్ల మాట్లాడితే వెనక బెంచీ కూడా వింటుంది. పాఠం మధ్యలో లేచి అడ్డు ప్రశ్నలు వేసేదీ ఆ పిల్లే.

"రాణి ఓడలు గెలిసొచ్చినాక ఆ ఓడల్లో కళాసీలు ఏటయిపోనారండీ?" అని ఓ రోజు అడిగింది.

"జబ్బు చేసి రేవులోనే చచ్చిపోయారు, చాలామంది."

"మరి పుస్తకంలో లేదేటి?"

శాంతమ్మ పుస్తకం మూసేసింది.

వేషాల సంగతి బయటికి పొక్కిన వారం రోజులకి, ఆదివారం ప్రార్థనయ్యాక ఆమె గది మెట్ల మీద కర్ర చప్పుడైంది. వచ్చినవాడు ఆమె అన్న చార్లెస్. రేవులో గుమాస్తాగా చేసి మానేశాడు, బాప్టిస్టు సంఘంలో పెద్ద. ఇరవయ్యో ఏట శాంతమ్మ ఆ రాణి నిలబెట్టిన ఇంగ్లీషు చర్చి మనిషిని పెళ్ళాడి ఆ గుడికి వెళ్ళిపోయిన దగ్గర్నుంచీ అతనామె గడప తొక్కలేదు. ఆమె భర్త పోయినప్పుడు కూడా వీధిలోనే నిలబడి వెళ్ళిపోయాడు.

"కూకో అన్నయ్యా," అంది.

కూర్చోలేదు. "మా డోరతీని నాటకంలో సిపాయిగా పెట్టినావంట."

డోరతీ అతని మనవరాలు. "అవును."

"ఆ రాణి పొగడ్తకి మా గుంటని నిలబెడతావేటి? రాణి సెప్పిన గుడికి రాం అన్నోళ్ళని ఆవిడ ఏటి సేసిందో నీకు తెలీదా? నాన్న మనిద్దరికీ సెప్పలేదా?"

తెలుసు. తండ్రి బాప్టిస్టు సువార్త చెబుతూ ఊళ్ళు తిరిగిన మనిషి. దీపం కింద ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పేవాడు. రాణి అక్క రాజ్యమేలినప్పుడు పోపును కాదన్నవాళ్ళని మంటల్లో కాల్చింది. ఈవిడ వచ్చాక మంటలు చాలావరకు ఆరాయి. కానీ పోపు ఈవిణ్ణి వెలివేశాడు, స్పెయిను రాజు ఓడలు కట్టాడు, సొంత బంధువునే పంతొమ్మిదేళ్ళు చెరలో ఉంచి చివరికి తల తీయించాల్సొచ్చింది. ఎవరిని చూసినా అనుమానమే. ఆ అనుమానంలోనే, గుడి రాణి చేతిలో ఉండకూడదన్న బారో, గ్రీన్‌వుడ్, పెన్రీలని ఉరి తీయించింది. తండ్రి ఆ మూడు పేర్లూ ఇంటి మనుషుల పేర్లలా పలికేవాడు.

"పుస్తకంలో లేవు అన్నయ్యా," అంది శాంతమ్మ.

"నీ నోట్లో లేవా?"

ఆ మాట అనేసి చార్లెస్ మెట్లు దిగిపోయాడు.

మర్నాడు ఆల్బర్ట్ గారు మళ్ళీ పిలిచారు. స్తోత్రం ఘట్టం ఉంటే పిల్లల్ని పంపబోమని హిందూ తల్లిదండ్రులు కొందరు చెప్పారట. హిందువుల పిల్ల మోకరిస్తే దొరగారి ముందు బాగుండదని చర్చివాళ్ళు కొందరన్నారట. రాణిని పొగిడితే తమ పిల్లలు రారని బాప్టిస్టులు కబురంపారట.

"పైడితల్లిని మార్చెయ్యండి. మన చర్చి పిల్ల ఎవరైనా సరే. తక్కినవాళ్ళకి నేను నచ్చజెబుతాను," అన్నారాయన.

కాదనడానికి శాంతమ్మ నోరు తెరిచింది. ఇరవై రెండేళ్ళలో ఈ గదిలో ఎన్నిసార్లు నోరు తెరిచిందో, ఎన్నిసార్లు మూసుకుందో గుర్తొచ్చింది. "సరేనండి," అంది.

ఆ సాయంత్రమే బుల్లియ్య ఉండే కూలీల బారకాసుకి వెళ్ళింది. మూడో అంతస్తు. రెండు చోట్ల ఆగి ఊపిరి తీసుకుంది. బుల్లియ్య అప్పుడే మిల్లు నుంచి వచ్చాడు, కనుబొమల మీద ఇంకా ఊక. గబగబా చాప పరిచాడు.

"అమ్మగోరూ, మీరే వొచ్చినారు. నానే రావాలనుకుంతన్నాను. మా కులపోళ్ళు వొద్దంతన్నారండి. గుంట మోకరిత్తే రేపు పెళ్ళికి నలుగురూ నాలుగంతారని. మీరేటనుకోవొద్దు."

శాంతమ్మకి గుండెల మీద బరువు దిగినట్టయింది. "ఏమీ అనుకోను. నేనూ అదే చెప్పడానికొచ్చాను. వేషం వేరేవాళ్ళకివ్వమన్నారు."

"అయితే మంచిదేనండి," అన్నాడు బుల్లియ్య, అతనూ తేలికపడి.

పైడితల్లి పొయ్యి దగ్గర కూర్చుని వింటోంది. చేతిలో ఊదుడు గొట్టం పక్కన పెట్టింది.

"నానూ ఇక్కడే ఉన్నాను గదండీ. నన్నడగరేటి?"

బుల్లియ్య చాప అంచు సరిచేశాడు.

"మాటలన్నీ నేర్సేసినాను. మా అమ్మకి పది మాట్లు అప్పసెప్పినాను. ఒక్కమాటు గట్టిగా సెప్పాలనుంది, అంతే. దొర సూడక్కర్లేదు."

బుల్లియ్య తల దించుకున్నాడు. శాంతమ్మ గోడకి చెయ్యానించి లేచింది. దిగేటప్పుడు ఎక్కడా ఆగలేదు. రోడ్డు మీదికొచ్చింది. ముందు తనకి కలిగిన ఆ తేలికదనమే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

తెల్లవారి ఆల్బర్ట్ గారి బల్ల మీద ఒక కాగితం పెట్టింది. నాటకం తను వేయించలేననీ, వేరే ఎవరికైనా అప్పగించమనీ రాసింది. ఆయన రెండుసార్లు చదివారు.

"ఆరోగ్యమా?"

"అలిసిపోయానండి."

"అందరం అలిసిపోయాం శాంతమ్మా."

ఆ మాట నిజమేనని ఆమెకి తెలుసు. అయినా కాగితం వెనక్కి తీసుకోలేదు. పండగకి నాటకం బదులు పాటలు పెట్టారు.

పండగకి ముందు శనివారం బడికి ఒంటిపూట. గంట కొట్టాక ఉండదలచినవాళ్ళు ఉండొచ్చని శాంతమ్మ ఏడో క్లాసుకి చెప్పింది. పదకొండుమంది ఉన్నారు. డోరతీ కూడా ఉంది. బుల్లియ్య మిల్లుకి వెళ్ళకుండా తలుపు పక్కన, లోపలికి రానూ రాక, వెళ్ళనూ వెళ్ళక నిలబడ్డాడు. కిరీటం లేదు, దుస్తులు లేవు, మోకరించడం లేదు. పైడితల్లి వోణీ నడుముకి బిగించుకుని బల్లల ముందుకొచ్చింది.

రాణి సైన్యంతో మాట్లాడే మాటలు చెప్పింది. శాంతమ్మ సొంతంగా రాసిన మాటలవి: మీతోనే ఉంటాను, మీరు చస్తే నేనూ చస్తాను అని. గొంతు గోడలకి తగిలి తిరిగొచ్చింది. పిల్లలు కదల్లేదు.

అక్కడితో అయిపోవాలి. శాంతమ్మ కుర్చీలోంచి లేచింది.

"ఇంకా ఉంది," అంది. రేవులో చచ్చిపోయిన కళాసీల సంగతి చెప్పింది. ఉరి తీసిన ముగ్గురి పేర్లు చెప్పింది, ఎందుకు తీశారో చెప్పింది. ఈ రాణి కాలంలోనే పోపు పక్షం పాదిరీలని కూడా చంపారని చెప్పింది. "ఆవిడ చెడ్డదని కాదు. నలభై నాలుగేళ్ళు దేశాన్ని ముక్కలు కాకుండా పట్టుకుంది. పట్టుకున్న చేతికి ఎవరు నలిగిపోయారో కూడా తెలియాలి. చివరి రోజుల్లో మంచం ఎక్కనంది. నేల మీద దిండ్లేసుకుని, మాటా పలుకూ లేకుండా కూర్చుండిపోయింది."

"ఎందుకండీ?" అంది పైడితల్లి.

"నాకు తెలీదు. పడుకుంటే మళ్ళీ లేవలేననుకుందేమో."

అప్పుడు చూసింది, బుల్లియ్య పక్కన చార్లెస్. మనవరాల్ని తీసుకుపోవడానికి వచ్చినట్టున్నాడు. ఎప్పుడొచ్చాడో తెలీదు. పిల్లలు వెళ్ళాక లోపలికొచ్చి, పిల్లల బెంచీ మీద ఇరుకుగా కూర్చున్నాడు.

"పేర్లు సెప్పినావు," అన్నాడు.

"చెప్పాను."

"పెన్రీకి సిన్న సిన్న ఆడపిల్లలు నలుగురనీవోడు నాన్న. అది మర్సిపోనావు."

"మర్చిపోలేదు. ఇంక చెప్పే ఓపిక లేకపోయింది."

చార్లెస్ కర్ర మీద గడ్డం ఆనించుకున్నాడు. వదిలేసిన గుడి గురించి అడగలేదు, ఆమె భర్త మాట ఎత్తలేదు. "నువ్వు సానా పాడైపోనావే శాంతా," అన్నాడు చివరికి. ఆమెకి నవ్వొచ్చింది, దాంతోపాటు కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

ఆ శనివారం సంగతి బడి కమిటీ దాకా వెళ్ళింది. దొరగారి దేశపు రాణి గురించి పుస్తకంలో లేనివి చెప్పిందని ఒకరు, హిందువుల పిల్లని రాణిగా నిలబెట్టిందని ఇంకొకరు. పండగయ్యాక చరిత్ర కొత్త మాస్టారికిచ్చి, శాంతమ్మని ఒకటో క్లాసుకి వేశారు. ఆల్బర్ట్ గారు ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖం చూడలేకపోయారు. ఏడో క్లాసు మేడ మీద, ఒకటో క్లాసు కింద. మెట్లెక్కే పని తప్పింది.

పైడితల్లి అప్పుడప్పుడు విరామంలో కిందికొచ్చి, కొత్త మాస్టారు అడ్డు ప్రశ్నలు వెయ్యనివ్వరని చెప్పేది. "అయినా అడుగు," అనేది శాంతమ్మ, పలకల మీద అక్షరాలు దిద్దుతూ.