సరిగ్గా సగం

నేను వార్తలు చదవను. గొప్పకి చెప్పడం లేదు, మా విద్యలో మొదటి పాఠమే అది. లోకంలో ఏం జరిగినా చివరికి షేరు ధరలో కనబడి తీరుతుంది, కాబట్టి ధర గీత చూస్తే చాలు. షేర్ల ఆఫీసులో పన్నెండేళ్లుగా ఏడాది చివర "వచ్చే సంవత్సరం మార్కెట్ ఎటు" అని నివేదిక రాసేది నేనే. కంప్యూటర్ గీతల మీద నాకు గురి లేదు. రోజూ ముగింపు ధర చూసి గ్రాఫు కాగితం మీద చేత్తో చుక్క పెడతాను. వెనకాల నన్ను చుక్కలాయన అంటారట. అననీ.

మా వదిన ఆసుపత్రిలో ఈసీజీలు తీస్తుంది. సొంతంగా ఓ గది అద్దెకి తీసుకుని, పాత మిషన్ ఒకటి కొని కూర్చోవాలని ఆమె కోరిక. దాచుకున్నదంతా నా మాట మీదే ఒక మందుల కంపెనీ షేర్లలో పెట్టింది. కంపెనీ నుంచి ఉత్తరాలొస్తే చదవాలా అని ఓసారి అడిగింది. అక్కర్లేదు, అన్నీ ధరలోనే ఉంటాయన్నాను.

ఈ డిసెంబరులో రెండు వారాలు జ్వరంతో పడుకుని లేచాను. బాకీ పడ్డ చుక్కలన్నీ ఒక్క పూటలో పెట్టేసరికి మందుల కంపెనీ గీత నిటారుగా కిందికి దిగింది. ఏడాదంతా ధర ఎప్పుడు పడినా ఒక మట్టం దగ్గర ఆగి మళ్లీ లేచేది. దాన్ని మేం మద్దతు గీత అంటాం. ఇప్పుడది తెగిపోయింది. నివేదికలో "మద్దతు తెగింది, అమ్మేయండి" అని రాసి అచ్చుకి పంపాను. ఈ మాట వదినకి ఫోన్లో చెప్పే ధైర్యం లేక, గ్రాఫు కాగితం పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను.

మధ్యాహ్నం రోగులెవరూ లేరు. వదిన క్లిప్పులకి అంటిన జెల్లీ తుడుస్తోంది. ధర సగానికి పడిందని, మార్కెట్ మూసేలోపు అమ్మేద్దామని, అద్దెకి మాట్లాడుకున్న గది వద్దని దాని యజమానికి చెప్పేయమని గబగబా చెప్పాను. ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుంది, మళ్లీ పక్కన పెట్టింది. కాగితం ఇలా ఇమ్మంది.

నేను వివరించబోతే చెయ్యి అడ్డం పెట్టింది. నిజమే, గీతల గురించి ఆమెకి చెప్పడం తాతకి దగ్గులు నేర్పడమే. కాగితాన్ని ట్యూబ్‌లైటు కింద పెట్టి, ధర పడక ముందు గళ్లూ పడ్డాక గళ్లూ వేలితో లెక్కపెట్టింది. నాకూ కుతూహలం పుట్టి పక్కన వంగాను.

"పడక ముందు రోజుకి రెండు గళ్లు ఊగేది. ఇప్పుడు ఒక్క గడే ఊగుతోంది. ఊగే తీరు మాత్రం అదే. చూశావా?"

చూశాను. పన్నెండేళ్ల విద్యలో నేనెప్పుడూ అలా చూడలేదు.

"జబ్బు చేసిన గుండె ఇలా లెక్కపెట్టి సగమవదు మరిదీ. మా మిషన్ మీట ఎవరైనా సగానికి తిప్పితే ఇలా వస్తుంది. మనిషి మనిషే, గీతే చిన్నదవుతుంది. మీ కంపెనీలో మీట ఎవరు తిప్పారు?"

వదిన బీరువాలోంచి పాత ఎక్స్‌రే కవరు తీసింది. అందులో కంపెనీ ఉత్తరాలన్నీ ఉన్నాయి, నా మాట విని ఒక్కటీ విప్పలేదు. అడుగున ఉన్నది మొదట వచ్చింది, పైన ఉన్నది ఈ నెలది. పైదాన్ని చింపి చదివింది. ఒక్కో షేరునీ రెండుగా విడగొడుతున్నారట. అంటే ధర సగమైంది, ఆమె షేర్లు రెట్టింపయ్యాయి. పోయిందేమీ లేదు. పప్పులో కాలేసింది నేను.

ఆఫీసుకి ఫోన్ చేసి అచ్చు ఆపమన్నాను. ఎందుకని మేనేజరు అడిగితే, ఉత్తరం చదవలేదని ఒప్పుకున్నాను. ఆ మాట అనడానికి సిగ్గేసింది.

ఈలోపు వదిన గది యజమానితో మాట్లాడింది. గది తనకే ఉంచమంది, ఒకటో తారీఖున వస్తానంది. ఆ తర్వాత ఉత్తరాలన్నీ కవర్లో సర్దింది. దాచమని నాకిస్తుందేమోనని చెయ్యి చాపాను. తన సంచీలోనే పెట్టుకుంది.

"ఇకనుంచి ఇవి నేనే చదువుకుంటాలే," అంది.

గొంతులో కోపం లేదు. ఉన్నా బావుండేది.