ఒంటె వెనక సగం

ఫ్రేము మూలలకి జిగురు రాసి తాడు బిగిస్తున్నాడు మస్తాన్. దోహాలోని అల్ సద్‌లో, క్లినిక్ పక్క సందులో అతని ఫ్రేముల కొట్టు. తలుపు తోసుకుని హంగేరీ ముసలాయన బాలింట్ వచ్చాడు. వంగిన నడుము, చెవి మీద పెన్సిలు, చేతిలో కాగితం మీద రంగులతో వేసిన ఒంటె బొమ్మ.

"మళ్ళీ తడి ఆరకుండానే తెచ్చావా సాబ్? అద్దంలో పెడితే బూజు పట్టదూ?"

ఇద్దరి మధ్యా నడిచేది వచ్చీరాని హిందీ. మస్తాన్ విసుక్కుంటూ బొమ్మని ఫ్యాన్ కింద పెట్టాడు.

అతని లెక్కలో బాలింట్ మొదటినుంచీ నష్టపు బేరమే. హోటల్ గోడకి బొమ్మలు వేయడానికి దోహా వచ్చాడు. హోటల్ మూతపడింది, ఈయన ఉండిపోయాడు. డేగలు వేశాడు, ఒంటెలు వేశాడు, బడిపిల్లలకి నాటకాలు రాశాడు, పూలకొట్టుకి బోర్డు రాశాడు. ఒక్క డేగల్నే నమ్ముకుని ఉంటే ఈపాటికి అల్ వక్రాలో సముద్రం కనిపించే ఫ్లాటులో ఉండేవాడు. గిరాకీ వచ్చేలోగా సరుకు మార్చేసే మనిషితో ఎవరు వేగగలరు?

"మధ్యాహ్నం విమానం. ఇక రాను," అన్నాడు బాలింట్. "ఇదే ఆఖరుది. ఒంటెల ఫారం గంగన్న వచ్చి తీసుకెళ్తాడు."

మస్తాన్ ఫ్యాన్ వేగం పెంచాడు. బొమ్మ ఆరాక తిప్పాడు. వెనక నిండా పెన్సిలు రాత. ఈయన బొమ్మలన్నీ ఇంతే. ఎప్పటిలాగే గోధుమరంగు కాగితం కొలతకి కత్తిరించి జిగురు తీశాడు. బాలింట్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏం చేస్తున్నావు?"

"వెనక మూస్తున్నాను. ఎప్పుడూ మూసేదేగా. లేకపోతే దుమ్ము దూరుతుంది."

"అన్నీ మూశావా?"

"అన్నీ. పిచ్చి రాతలనుకున్నా."

ముసలాయన స్టూలు మీద కూలబడ్డాడు. అవి కథలు. కొన్నవాళ్ళలో ఒక్కరైనా బొమ్మ తిప్పి ఇదేమిటని అడుగుతారని ఇన్నేళ్ళూ కాచుకున్నాడు.

మస్తాన్‌కి ఒళ్ళు మండింది. "ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయింది? కథకి వేరే కాగితమే దొరకలేదా? ఇంతకీ ఇందులో ఏముంది?"

"సగం కథ. ఎప్పుడో రాసిపెట్టిన కాగితం, బొమ్మే ఇప్పుడు వేశాను. మిగతా సగం ఇంకో ఒంటె వెనక ఉంది. ఇక్కడ పట్టలేదు."

"ఆ ఒంటె ఎక్కడ?"

"ఎవరికో అమ్మేశాను. ముగింపు కూడా గుర్తులేదు. అదొక్కటి దొరికితే చాలు." లేచాడు. "దీన్ని మాత్రం మూయకు."

టాక్సీ ఎక్కి వెళ్ళిపోయాడు. మస్తాన్ తిట్టుకుంటూనే వెనక కూడా అద్దం బిగించాడు.

కాసేపటికి అల్ షహానియా నుంచి గంగన్న వచ్చాడు.

"ఏందన్నా, రెండు దిక్కుల అద్దమేంది? ఒంటె ఎనకనుంచి గూడ సూస్తదా?"

"నోరు మూసుకోని తీస్కపోప్పా. వెనక కథ ఉండాది."

"కథనా? మా సేటు కఫీల్ ఇంట్ల, మంది కూసునే మజ్లిస్‌ల గీ ముసలాయన ఒంటె ఇంకోటున్నది. దానెనక కాయితం అతికిచ్చి ఉన్నది."

మస్తాన్ చేతిలో సుత్తి ఆగింది. "అతికిచ్చింది నేనే. అది చింపి, లోపలి అట్ట తీసి ఫోటో పంపు."

"కఫీల్ సూస్తే నన్ను ఊరికి తోలుతడు!"

"మళ్ళా నేనొచ్చి అతికిస్తాలే. యల్లా, యల్లా! తొందరగా పో!"

సాయంత్రం ఫోటో వచ్చింది. కాగితం నిండా అదే రాత, చివరి వాక్యం కింద గట్టిగా గీసిన గీత. మస్తాన్ వెంటనే దాన్ని వాట్సాప్‌లో బాలింట్ నంబరుకి పంపాడు. ఒక్క టిక్కే పడింది. ఫోన్ చేశాడు. స్విచాఫ్.

"ఇక్కడి సిమ్ము పారేసి ఉంటాడు. ఈ మనిషి ఏదైనా దాచుకుంటే గదా!"

కొట్టు సర్దాడు. బల్ల మీద, ఆ ఒంటె కొలతకి కత్తిరించిన గోధుమరంగు కాగితం ఏసీ గాలికి ఒక మూల లేస్తూ, పడుతూ ఉంది.