తొమ్మిదో రీలు

ఇశ్రాయేలు ముప్పై నాలుగేళ్లు హైదరాబాదు కార్వాన్‌లోని ఒక సినిమా హాల్లో ప్రొజెక్టరు ఆపరేటరుగా పనిచేశాడు. ఆ హాలు మూతబడి ఫంక్షన్ హాలయ్యాక, రెండు సందుల అవతల ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా కుదిరాడు. అక్కడ పన్నెండేళ్లుగా ఆయన్ను ఎవరూ ఏమీ అడగలేదు, మోటారు వేశావా లేదా అని తప్ప.

అందుకే రెండో అంతస్తులో ఉండే అఖిల మెట్ల మీద ఆగి, పాత సస్పెన్స్ సినిమాలు ఒక్కటీ చూడని వాళ్లకు ముందుగా ఏవి చూపిస్తే బాగుంటుంది తాతా అని అడిగితే, ఆయన చేతిలోని చీపురు పక్కన పెట్టాడు. రేపు చెప్తానన్నాడు.

అఖిల వాళ్ల నాన్నకు పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం ఉంది. దాని పైగది ఖాళీ. ఆదివారం మధ్యాహ్నాలు ఆమె కాలేజీ స్నేహితులు పదిమంది దాకా అక్కడ చేరి, గోడకు తెల్ల దుప్పటి కట్టి సినిమా చూస్తారు. ఫోన్లో ముందుకు జరిపి హంతకుడెవరో చూసేసుకునే పిల్లలు. చూసేశాక మిగతా సినిమా ఎందుకనే పిల్లలు.

మర్నాడు ఇశ్రాయేలు అయిదు సినిమాలు చెప్పాడు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది కూడా చెప్పాడు. కారం అలవాటు లేని నోటికి కొంచెం కొంచెంగా అలవాటు చేసినట్టు, మొదట హత్య లేనిది. ఒక హారం పోతుంది, అంతే. ఆ తర్వాత ఉత్తరాల సినిమా, రైలు సినిమా, వంటవాడి సినిమా. అయిదోది మాత్రం ఆఖరికి పెట్టుకోమన్నాడు. ఫోన్లన్నీ ఒక బుట్టలో వేయాలి, సినిమా మొదలయ్యాక తలుపు తీయకూడదు అని షరతు పెట్టాడు.

నాలుగు ఆదివారాలు బాగా గడిచాయి. వంటవాడి సినిమా ఆడుతుంటే ఒకమ్మాయి పక్కనున్న పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకోవడం ఇశ్రాయేలు వెనక కుర్చీలోంచి చూశాడు. అయిదో ఆదివారం చర్చి నుంచి వచ్చి రెండోసారి చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే భార్య నీలమ్మ తలుపు దగ్గర నిలబడి చూసింది.

"పెండ్లిచూపులకు పోతున్నవా ఏంది?" అంది.

ఆయన నవ్వాడు. ఆయన నవ్వి ఎన్నాళ్లయిందో నీలమ్మకు గుర్తులేదు.

అయిదో సినిమాను అఖిల ఇంటర్నెట్టులో ఏ మూలనో వెతికి పట్టుకుంది. తమ హాల్లో ఆడించాక ఇశ్రాయేలు దాన్ని మళ్లీ చూడలేదు. చూసే వీలు దొరకలేదు. ఎవరు అడిగినా అడక్కపోయినా నలభై ఆరేళ్లుగా ఆ సినిమా గురించి చెప్తూ వచ్చాడు. ఆ రోజు పైగదిలో పిల్లల ముందు లేచి నిలబడి మరీ చెప్పాడు.

"ఇందుల చంపినోడు ఎవడో సగంల్నే తెలుస్తది. తెలిసినంకనే అసలు భయం. వాడు గుడ్డి తల్లికి చాయ్ పోస్తుంటె మీ చెయ్యి వణుకుతది. గిట్లాంటి సినిమా ఇంకోడు తియ్యలే."

దీపాలు ఆర్పారు. గుడ్డి తల్లి, ఇద్దరు కొడుకులు, పెద్ద ఇల్లు. విశ్రాంతి అయింది. ఇక వస్తుంది అని ఇశ్రాయేలు కుర్చీ అంచుకు జరిగాడు. బావి దగ్గర లాంతరు, చిన్నకొడుకు చేతులు, నీళ్లలో పడ్డ చప్పుడు. ఆ బావి ఘట్టం రాలేదు. నేరుగా చాయ్ పోసే ఘట్టమే వచ్చింది. కొడుకు చాయ్ పోశాడు, తల్లి తాగింది. ముందు వరసలో ఒకతను ఆవలించాడు.

ఇశ్రాయేలు లేచి వెళ్లి, మధ్యలో ముక్క ఎగిరిపోయిందేమో చూడమన్నాడు. లేదు తాతా, వరసగానే నడుస్తుందని అఖిల మెల్లగా చెప్పింది. చివరికి ఇన్‌స్పెక్టరు అందర్నీ ఆ ఇంటి హాల్లో కూర్చోబెట్టాడు. చిన్నకొడుకు ఒప్పుకున్నాడు. అప్పుడొచ్చింది బావి, అప్పుడొచ్చింది లాంతరు. మరి కాసేపటికి శుభం పడింది.

శ్రీచరణ్ అనే పిల్లవాడు వెనక్కి తిరిగాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు.

"తాతా, చాయ్ పోసేటప్పుడు మాకేం తెల్వదు గద. చెయ్యి ఎందుకు వణుకుతది?"

ఇశ్రాయేలుకు ఆ వానాకాలం గుర్తొచ్చింది. ఈ సినిమా రీళ్ల పెట్టె బస్సు మీద తడిసి వచ్చింది. డబ్బాల మీద అంటించిన నంబరు కాగితాలు ఊడిపోయాయి. పెద్ద ఆపరేటరు శివయ్య జ్వరంతో పడుకున్నాడు. తనకప్పుడు ఇరవై ఏళ్లు, పనిలో చేరి ఆరు నెలలు. మాట్నీకి గంట టైముంది. ఒక్కో రీలు మూరెడు లాగి, కిటికీ వెలుతురుకు పెట్టి, బొమ్మల్ని బట్టి వరస కట్టాడు. బావి రీలును విశ్రాంతి తర్వాత, తొమ్మిదోదిగా పెట్టాడు. నిజానికి అది పద్నాలుగు రీళ్లలో పదమూడోది.

ఆ వరసలోనే మాట్నీ నడిచింది. చాయ్ పోసేటప్పుడు నేల టిక్కెట్టు జనంలోంచి ఒక ఆడమనిషి, తాగకు అవ్వా అని కేక పెట్టింది. యజమాని క్యాబిన్‌కు వచ్చి భుజం తట్టిపోయాడు. ఆ సాయంత్రమే ఇశ్రాయేలు ఎర్ర రంగుతో డబ్బాల మీద నంబర్లు వేశాడు. అయిదో రోజు వచ్చిన శివయ్య ఆ నంబర్ల ప్రకారమే ఆడించాడు. ఇరవై మూడు రోజులు ఆడింది.

ఇదంతా పిల్లలకు రెండు ముక్కల్లో చెప్పాడు.

"అట్లయితె నీదే మంచిగుంది తాతా. మేం గట్లనే కట్ చేసి మళ్ల చూస్తం," అంది అఖిల.

ఆమె ఓదార్పుగానే అంది. ఆయన మాత్రం వేరేలా విన్నాడు. అలాంటి సినిమా ఎవరూ తీయలేదన్నమాట. ఇన్నేళ్లు తాను నెత్తిన పెట్టుకున్నది తడిసిన పెట్టె, గంట తొందర చేసిన పని.

తర్వాతి అయిదు ఏవి తాతా అని శ్రీచరణ్ ఫోను తీశాడు, రాసుకుందామని. వారం టైమివ్వమని ఇశ్రాయేలు దిగి వచ్చేశాడు.

ఏమైందని నీలమ్మ అడిగితే చెప్పాడు.

"ఎన్నడో అయిపోయినదానికి గింత ఫికరేంది? జనం ఖుష్ అయిండ్రు గద," అంది ఆమె.

ఆయన అన్నం కలిపాడు గానీ తినలేదు.

ఆ వారమంతా మోటారు వేస్తూ, మెట్లు కడుగుతూ, ఒక్కో పాత సినిమాను మనసులో ఆడించుకున్నాడు. మంచు కొండ సినిమా రీలు మారే చోటు దాకా నడిచింది. ఆ తర్వాత ఏం వచ్చిందో ప్రమాణం చేసి చెప్పలేకపోయాడు. కవలల సినిమా కూడా అక్కడే ఆగింది. ఒక ప్రొజెక్టరు మిషన్ మీద బొమ్మ నడుస్తుంటే తాను ఎప్పుడూ రెండో మిషన్‌కు రీలు ఎక్కిస్తూ ఉండేవాడు. క్యాబిన్ గోడకున్న చెయ్యంత కిటికీలోంచి, వీలు దొరికినప్పుడు దొరికినంత చూశాడు. మిగతాది తనే కల్పించుకున్నాడేమో. ఇన్నేళ్లు ఎంతమందికి ఏమేం చెప్పాడో. మొదటి నాలుగూ సరిగ్గానే నడిచాయి గదా అనుకోబోయాడు. వాటిలో ఏ ఘట్టం తర్వాత ఏది వస్తుందో ముందుగా తాను చెప్పలేదు. చెప్పి ఉంటే అవీ తప్పేవేమో.

శనివారం అఖిల కాగితం, పెన్ను పట్టుకుని కిందికి వచ్చింది. ఇశ్రాయేలు కాగితం అందుకోలేదు.

"ఎవర్నన్న తెలిసినోళ్లను అడుగు బిడ్డా," అన్నాడు. "నేను సినిమాలు చూడలే. మిషన్ నడిపిన."

పిల్లలందరూ అడుగుతున్నారని ఆమె రెండోసారి చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె కాగితం మడిచి, మెట్లెక్కి వెళ్లిపోయింది.