వేలితొడుగు కింద పులిపిరి

పెద్ద బట్టల దుకాణంలో చేతికుట్టు పనికి మా అక్కను గురువారం రమ్మన్నారు. కాజాలు కుట్టి చూపించాలి. కాజాలు ఆమెకు మంచినీళ్ల ప్రాయం. మూడేళ్లుగా ఎదురుచూసిన అవకాశం. బెంగంతా కుడిచేతి నడిమివేలి కొసన లేచిన పులిపిరి గురించే.

"ఖరీదైన బట్ట మీద ఈ వేలు పెడితే అసహ్యపడరూ?" అంది.

సోమవారం మందుల షాపులో పుళ్లు కడిగే మందు సీసా కొంది. నేనూ పక్కనే ఉన్నాను.

"నీళ్లు కలిపి వాడాలమ్మా. చర్మం శుభ్రం చేస్తుంది, అంతే. పులిపిరి దీనితో పోదు. దూది పెట్టి మూసెయ్యొద్దు" అని షాపాయన మరీమరీ చెప్పాడు. అక్క తలూపింది. ఆ ఊపు నాకు తెలుసు. నేనేం చెప్పినా అలాగే ఊపుతుంది.

మంగళవారం పొద్దున నీళ్లు కలపని మందులో దూది ముంచి పులిపిరి మీద పెట్టింది. అది జారకుండా, పనీ ఆగకుండా, పైన ఇత్తడి వేలితొడుగు బిగించి కుట్టుకు కూర్చుంది.

"మండుతోందే చెల్లీ."

"తీసెయ్యక్కా మరి."

"మండుతోందంటే పనిచేస్తోందన్నమాట."

"నీళ్లు కలపమన్నాడు కదా!"

"ఆయన మందు అమ్మాడా, నీళ్లు అమ్మాడా? చదువుకున్నవాళ్లకి అన్నీ భయాలే."

సాయంత్రానికి మంట తగ్గిందని సంబరపడింది. తొడుగు లాగితే రాలేదు. కుళాయి కింద పెట్టి మెల్లగా తీశాను. దూదితోపాటు తెల్లబడిన చర్మమూ ఊడివచ్చింది. మధ్యలో పులిపిరి మాత్రం చెక్కు చెదరలేదు.

"కాలిపోయిందమ్మా. రెండు వారాలు సూది పట్టొద్దు" అన్నాడు మర్నాడు ఆసుపత్రిలో డాక్టరు.

"గురువారం ఒక్కరోజు..."

ఆయన వేలికి కట్టు కట్టాడు.

అయినా గురువారం వెళ్లాం. దుకాణంలో కత్తిరింపు మాస్టారు కట్టు చూసి, "చేతికేమైందమ్మా?" అన్నాడు.

"పులిపిరండీ. తీసేద్దామని..."

"పులిపిరా? నాకు రెండున్నాయి, చూడు!" అంటూ ముంజేయి చాపి నవ్వాడు. అంతలోనే అక్క కట్టు మీద తడిమరక కనిపించి నవ్వు ఆపేశాడు. "బట్టకు అంటితే పూచీ నాదవుతుందమ్మా. మానాక రా. అప్పటికి ఖాళీ ఉంటే చూద్దాం."

అక్క కూర్చోవలసిన కుర్చీలో, వరసలో మా వెనకున్నామె కూర్చుని సూదిలో దారం ఎక్కించి కాజా మొదలుపెట్టింది. అక్క కదల్లేదు. నేను భుజం మీద చెయ్యి వేస్తే, ఆ సూదినే చూస్తూ, "ఆమె కుట్టు వదులుగా పడుతోందే" అంది.