పచ్చదీపం, వాసన లేని తీగ

పరాగ్వే నది ఒడ్డున ఆ ఊరి రిజిస్ట్రారాఫీసు పొద్దున ఏడింటికి తెరిచి ఒంటిగంటకి మూసేస్తారు. తొమాసా వచ్చి తాళం తీసి, చల్లటి నీళ్ళలో ఆకు వేసి తెరెరే కలుపుకుని కూర్చుంటుంది. వెనక గదిలో ఇనప్పెట్టె గుర్రుమంటూ ఉంటుంది. పెట్టె ఒకటే గానీ, లోపల ఒళ్ళు లేని యంత్రాలు నాలుగు కాపురం ఉంటాయి. పుట్టుకలదొకటి, పెళ్ళిళ్ళదొకటి, చావులదొకటి, వేలిముద్రలదొకటి. ఒళ్ళు లేకుండా ఎలా ఉంటాయో నన్నడగొద్దు, ఉంటాయి. ఆ నాలుగింటికీ బయటి లోకంతో మాట్లాడ్డానికి రెండే తీగలు. రెండూ వెళ్ళి గోడకున్న స్విచ్చిలో, అంటే మాటలకి దారి చూపే డబ్బాలో, దూరతాయి. అక్కణ్ణించి మాటలు రాజధానికి పోతాయి.

తీగలోంచి ఎవరి సంగతి వెళ్తే వాళ్ళ వాసన గదిలోకొస్తుంది. పసిబిడ్డ పేరు వెళ్తే పాల వాసన, మేస్త్రీ పెళ్ళి వెళ్తే తడిసున్నం వాసన. ఆ ఊళ్ళో అది మామూలే.

ఆ శుక్రవారం దోన్ అనస్తాసియో వచ్చి వేలిముద్ర వేశాడు. కాగితాల్లో ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. అదే పేరున్న ఇంకొకాయన నదిలో మునిగిపోతే గుమాస్తా ఈయన పేరు కొట్టేశాడు. ఈయనా పట్టించుకోలేదు, చేపలు పట్టుకుంటూ ఉండిపోయాడు. పెళ్ళి చేసుకుందామనుకున్నాకే బతికుండాల్సిన అవసరం పడింది. వేలిముద్ర రాజధానిలో కలిస్తే బతికున్నట్టేనని జడ్జి ఉత్తర్వు ఇచ్చాడు. ఆ కాగితం ఊరు చేరేసరికే గడువులో నెల కరిగిపోయింది. ఇవాళ ఒంటిగంటతో గడువు సరి. దాటితే మళ్ళీ కోర్టు, మళ్ళీ రెండేళ్ళు.

పెళ్ళికూతురు దోన్యా పెర్ఫెక్తాకి అరవై ఎనిమిదేళ్ళు. ఒంటిగంట లాంచీకి టిక్కెట్టు కొనుక్కుని మరీ వచ్చి, ఒళ్ళో సంచీతో గుమ్మంలో కూర్చుంది.

"ఇంకో రెండేళ్ళు ఆగే ఓపిక లేదయ్యా నాకు. మా చెల్లెలు వచ్చి ఉండమంటోంది. నీకు కావలసింది పెళ్ళామో వంటమనిషో అదీ తేలలేదు."

"వంట నాకొచ్చు."

"తిన్నాగా. అందుకే అనుమానం."

ముప్పావుగంట గడిచినా రాజధాని పలకలేదు. తొమాసా సునిల్డాకి కబురంపింది. ఊళ్ళో యంత్రాలు బాగుచేసేది ఆ పిల్లే. సోమవారం పిడుగు పడి పాత స్విచ్చి మాడిపోతే కొత్తది బిగించిందీ తనే.

"ఆపి మళ్ళీ వెయ్యవే, అదే దారికొస్తుంది," అంది తొమాసా.

"నిన్నా పలక్కపోతే నువ్వు ఆపి వేశావుగా అత్తా. వచ్చిందా?"

సునిల్డా నాలుగు యంత్రాల్నీ పేరు పేరునా పిలిచి చూసింది. పుట్టుకలు పలికాయి, పెళ్ళిళ్ళు పలికాయి. చావులూ వేలిముద్రలూ ఊఁ అనలేదు. తీగల దగ్గర దీపాలు మాత్రం రెండూ పచ్చగా వెలుగుతున్నాయి. మోకాళ్ళ మీద కూర్చుని మొదటి తీగకి ముక్కు ఆనించింది. పాలు, పెళ్ళికూతుళ్ళు పెట్టుకునే నారింజ పూలు. రెండోదానికి ఆనించింది. కడిగి బోర్లించిన గాజుగ్లాసులా ఉంది, ఏ వాసనా లేదు.

"తప్పు నాదే అత్తా," అంది నెమ్మదిగా. "కొత్త స్విచ్చిలో తీగకో గుమ్మం ఉంది. మొదటి గుమ్మానికి నలుగుర్నీ రానిమ్మని చెప్పాను. రెండో గుమ్మానికి చెప్పడం మర్చిపోయాను. తీగ తగిలింది కదాని దీపం వెలిగింది. దీపం చూసి పెట్టె అంతా బాగుందనుకుంది. రెండో తీగలో వెళ్ళే ఈ ఇద్దరి మాటలూ గుమ్మం దాకా వెళ్ళి రాలిపోతున్నాయి."

"ఇప్పుడు చెప్పు మరి."

"చెప్పాలంటే రాజధానివాళ్ళు ఒప్పుకోవాలి. భోజనాలకి లేచుంటారు, రెండింటిదాకా రారు."

గడియారం పన్నెండూ నలభై చూపిస్తోంది. సునిల్డా రెండో తీగని పట్టుకుని ఊడబెరికింది. దీపం ఆరిపోయింది.

"అయ్యో, ఉన్నదీ పీకేశావేమే?"

"దీపం ఆరితే గానీ ఈ పెట్టెకి భయం పుట్టదత్తా. ఇప్పుడు నలుగుర్నీ మొదటి తీగకే తోలుతుంది. తాతా, ఇంకోసారి వేలు పెట్టు."

అనస్తాసియో వేలు పెట్టాడు. ముందు నది బురద వాసన వచ్చింది. తర్వాత పొగాకు. ఆ వెనక ఇంకేదో, వెచ్చగా, ఇస్త్రీపెట్టె కింద గంజిబట్ట వాసన.

పెర్ఫెక్తా తలెత్తింది.

"అది నా గంజి. నిమ్మాకు వేసి కాచేది ఈ ఒడ్డున నేనొక్కదాన్నే. నీలోంచి ఎందుకొస్తోంది?"

ఆయన నేల చూశాడు. "ముప్పై ఏళ్ళు చొక్కాలు ఉతికి గంజి పెట్టడానికి నీకేగా వేశాను."

"చేపలు పట్టేవాడికి గంజి చొక్కాలెందుకు?" అంది పెర్ఫెక్తా. "అవి మాసి కూడా ఉండేవి కావు. ఉతికినవే మళ్ళీ ఉతుకుతున్నానా అని నన్ను నేనే అనుమానించుకునేదాన్ని."

"మాసినవి నీ చేతికివ్వడానికి సిగ్గేసేది."

సునిల్డా ఊడిన తీగని చేతికి చుట్టుకుంటూ గోడవైపు తిరిగింది. పన్నెండూ యాభై రెండుకి రాజధానిలోని యంత్రం నుంచి జవాబొచ్చింది, ఒక్క ముక్క: సజీవుడు. తొమాసా పెళ్ళిళ్ళ పుస్తకం తెరిచి, "తొందరగా కానివ్వండి, మూసే వేళైంది," అంది.

రేవులో లాంచీ కూసింది. పెర్ఫెక్తా లేచి, సంచీ తీసుకెళ్ళి తొమాసా బల్ల కింద పెట్టి, సంతకం ఎక్కడని అడిగింది. లాంచీ ఇంకోసారి కూసి, కాసేపు ఆగి చూసి, వెళ్ళిపోయింది.