ఎవరూ కూర్చోని పంక్తి

పెళ్లయిన మూడో నెలలోనే జయంతి మొగుడు జపాను ఓడ ఎక్కాడు. ఊరికే ఎక్కలేదు. మద్రాసు యూనివర్సిటీ వారూ, అక్కడి యూనివర్సిటీ వారూ ఒక ఒప్పందం చేసుకున్నారు. మీ విద్యార్థి ఒకరు మాకు, మా విద్యార్థి ఒకరు మీకు. ఏడాదిపాటు ఒకరింట్లో ఒకరుండి, ఒకరి తిండి ఒకరు తిని, ఒకరి తీరు ఒకరు తెలుసుకోవాలి. వెళ్లినవాడి ఇంటివాళ్లే వచ్చినవాళ్లకి వసతి చూడాలి. ఇద్దరిలో ఎవరు మధ్యలో వెళ్లిపోయినా రెండోవారు కూడా పెట్టె సర్దుకోవలసిందే. ఆ లెక్కన చేపల శాస్త్రం చదివే భక్తవత్సలం అటు వెళ్లాడు, బౌద్ధం చదివే ఫుమికో ఇటు వచ్చింది.

"చేపల సంగతి తెలుసుకునేదానికి అంత దూరం పోవాల్నా? కాశిమేడులో లేని చేపలా?" అని జయంతి అత్త రాజలక్ష్మమ్మ కొడుకు ఓడ ఎక్కేదాకా సణిగింది. తీరా ఫుమికో గుమ్మంలోకి రాగానే దిష్టి తీసి లోపలికి పిలిచి, "ఒక బిడ్డనిచ్చి ఒక బిడ్డని తెచ్చుకున్నాం" అని వీధి వీధంతా చెప్పుకుంది.

జార్జి టౌనులో వాళ్ల ఇల్లు రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది. ముందు భాగంలో మామగారు కృష్ణస్వామి నాయుడి కొబ్బరితాళ్ల కొట్టు, వెనక సంసారం. నెల్లూరులో పెరిగి, బి.ఏ. చదివి, ఆ ఇంటికి కోడలిగా వచ్చిన జయంతికి ప్రతిదీ ముద్దుగానే ఉండేది. మూర మల్లెపూలు కొంటే పూలమ్మి కొసరుగా రెండు కనకాంబరాలు తురిమిందంటే ఆ పూటకది పండగ. డికాషను చుక్క చుక్కగా దిగే చప్పుడు వింటూ వంటింటి గడపమీద కూర్చోవడం ఒక వైభోగం. తోపుడుబండి వాడూ, బస్సు డ్రైవరూ సందులో ఎదురుపడి, నువ్వు వెనక్కి పో అంటే నువ్వు పో అని అరవంలో తిట్టుకుంటుంటే కిటికీ దగ్గర నిలబడి నవ్వి నవ్వి కళ్లనీళ్లు పెట్టుకునేది.

నవ్వాక పక్కకి తిరిగి చూసేది. ఎవరూ ఉండరు. సంతోషం కూడా చెప్పుకోవడానికి మనిషి లేకపోతే బరువే. ఉత్తరంలో రాద్దామంటే అది సముద్రాలు దాటి ఆయన చేతికి అందేసరికి ఆ బస్సూ ఉండదు, ఆ నవ్వూ ఉండదు.

ఇక ఫుమికో సంగతి. ఆ ఇంట్లో అతిథికి అన్నం పెట్టడమంటే వ్రతంలాంటిది. అతిథి ముందు తినాలి, ఒక్కరే తినాలి. ఇంటివాళ్లు చుట్టూ నిలబడి వడ్డించాలి. అతిథి చెయ్యి కడుక్కున్నాకే మగవాళ్లు, వాళ్ల తరువాతే ఆడవాళ్లు. రాజలక్ష్మమ్మ ఈ వ్రతాన్ని కొడుకు పేర పట్టింది.

"మనవాడికి ఆడ ఈ బిడ్డ తల్లి ఇట్టానే నిలబడి పెడతా వుంటాది. నేనీడ తక్కువ జేస్తే వాడికాడ తక్కువైపోతాది" అనేది విసనకర్ర ఊపుతూ.

అరిటాకు ముందు ఫుమికో మోకాళ్లమీద చేతులు పెట్టుకుని కూర్చునేది. అన్నం వడ్డించేవాళ్లు, పప్పు వేసేవాళ్లు, నెయ్యి పోసేవాళ్లు. ఆమె ముట్టుకునేది కాదు. ఒక్కొక్కరి ముఖమూ చూసేది. వీళ్లంతా ఆమె ముఖం చూసేవాళ్లు. నెయ్యి పేరుకునేది, పప్పుమీద మీగడ కట్టేది.

"దేవుడికి మొక్కుకుంటా వుండాది, కదపబాకండి" అనేవాడు మామగారు దూరంనుంచి.

"మొక్కా, పాడా! కారానికి భయం, పావం" అనేది అంట్లు తోమే అంజలై.

కారం తగ్గించారు. పులుసులో బెల్లం వేశారు. అయినా అంతే. చివరికి ఆ పిల్ల తనలో తాను ఏదో అనుకుని, తల వంచి, నాలుగు ముద్దలు తిని లేచేది. వచ్చినప్పటికీ ఇప్పటికీ ఆమె మణికట్టుమీద గడియారం వదులై కిందికి జారుతోంది.

పురటాసి నెల వానలు తెరిపిచ్చిన ఒక సాయంత్రం మిద్దెమీద బట్టలు తీస్తుంటే ఫుమికో కూడా పైకి వచ్చింది. ఇద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకునేవాళ్లు. జయంతి చీరె ఒక కొస పట్టుకుంటే ఆమె రెండో కొస పట్టుకుంది. మడత వేస్తూ వేస్తూ దగ్గరికి వచ్చి, చీరె చేతికిచ్చేసి, మెల్లగా అడిగింది.

"జయంతీ, నాతో కలిసి తినకూడదని మీకు నియమం ఏదైనా ఉందా?"

జయంతి తెల్లబోయింది.

"మా ఇంట్లో ఆఖరి మనిషి వచ్చి కూర్చునేదాకా ఎవరూ ముట్టుకోరు. నాన్న రావడం ఆలస్యమైతే పులుసు చల్లారిపోయేది. నేనూ తమ్ముడూ విసుక్కునేవాళ్లం. ఇక్కడ రోజూ మీకోసం చూస్తాను. ఎవరూ కూర్చోరు. నేను గదిలోకి వెళ్లాక మీరంతా తింటారు. అత్తయ్యగారు ఏదో అంటారు, మీరు నవ్వుతారు. ఆ నవ్వు నా గదిలోకి వినబడుతుంది."

అయ్యో, అది గౌరవమమ్మా, నిన్ను దూరం పెట్టడం కాదు అని చెప్పడానికి జయంతి నోరు తెరిచింది. చెప్పేసేదే. ఇంతలో ఫుమికో అంది: "నా తప్పేదో ఉండే ఉంటుంది. అడిగి మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను. సోమవారం ప్రొఫెసరుగారిని కలిసి ఇంటికి వెళ్లిపోతానని చెబుతాను."

జయంతి తెరిచిన నోరు అలాగే మూసుకుంది.

ఆమె వెళ్లిపోతే ఆయన వచ్చేస్తారు. సోమవారం చెబితే తంతి పోతుంది, ఆయన ఓడ ఎక్కుతారు, దీపావళికల్లా హార్బరులో దిగుతారు. వాళ్లకది తలదీపావళి, పెళ్లయ్యాక మొదటిది. అల్లుడు లేకుండా కూతుర్ని ఎలా పిలవాలా అని నెల్లూరులో అమ్మ మథనపడుతోంది. ఆయన తెల్లవారకుండా తలంటు పోసుకుని, కొత్త పంచె మడతలు విప్పక మునుపే మతాబా వెలిగించి తననే ముందు పిలుస్తారు. మెట్లు దిగుతుంటే జయంతి కాలు నేల మీద ఆనలేదు. వంటింట్లోకి వెళ్లి, అడక్కుండానే రెండు కొబ్బరికాయలు కొట్టి తురిమేసింది.

"ఏందిమే, ఈ హుషారు? ఉత్తరం వచ్చినాదా?" అంది అత్త.

"ఏం లేదత్తా."

తను చేసిందేమిటి? ఏమీ లేదు. ఒక్క మాట చెప్పలేదు, అంతే. చెప్పకపోవడం అబద్ధం కాదు గదా అనుకుంది. ఆ రెండు రోజులూ పని గబగబా అయిపోయింది. ఎవరితోనూ కళ్లు కలపకుండా చేస్తే పని అలాగే అవుతుంది.

ఆదివారం మామగారు స్వయంగా కాశిమేడుకి వెళ్లి వంజరం చేప తెచ్చాడు. రాజలక్ష్మమ్మ మామిడికాయ వేసి పులుసు పెట్టింది. ఆకు వేశారు. ఫుమికో వచ్చి కూర్చుంది. అన్నం వడ్డించారు. జయంతి పులుసు గిన్నె పట్టుకుని గోడ దగ్గర నిలబడింది.

ఆవేళ ఫుమికో చేతులు మోకాళ్లమీద పెట్టుకోలేదు. ఎవరి ముఖమూ చూడలేదు. తల వంచి అన్నంలో చెయ్యి పెట్టేసింది.

"చూసినావా! ఈ పొద్దు పెట్టంగానే తింటా వుండాది. వంజరమంటే ఆశ, పావం! దీని మనసు తెలీక ఇన్నాళ్లూ వంకాయ పెట్టినానే" అని రాజలక్ష్మమ్మ మురిసిపోయింది. విసనకర్ర మరింత జోరుగా ఊపింది.

ఇన్నాళ్లూ ఆ పిల్ల కాచుకుని కూర్చుంటే జయంతి కనిపెట్టలేకపోయింది. ఇప్పుడు కాచుకోవడం మానేస్తే అసలే చూడలేకపోతోంది. ఎవరూ రారని తేలిపోయినవాళ్లు ఇలాగే తింటారు కాబోలు, తల ఎత్తకుండా, గబగబా. కిటికీ దగ్గర ఒంటరిగా నవ్వుకునే మనిషికి ఆ సంగతి ఒకరు చెప్పాలా?

పులుసు గిన్నె కిందపెట్టింది. చూరుకింద కడిగి ఆనించిన ఆకుల్లోంచి ఒకటి తీసింది. ఫుమికోకి ఎదురుగా పరిచి, నీళ్లు చల్లి, కూర్చుంది.

రాజలక్ష్మమ్మ విసనకర్ర ఆగిపోయింది. "ఏమ్మే, ఇదేం పనిమే? ఆకలికి ఓర్చుకోలేకపోతే వంటింట్లో ఇంత నోట్లో వేసుకునుంటే పోయేది గదా! అతిథి ఎదురుగానా?"

"మీరూ కూర్చోండత్తా. మామని కూడా రమ్మనండి. వాళ్లలో అందరూ కూర్చుంటేగాని తినరంట. ఆయమ్మి ఇన్నాళ్లూ మొక్కుకోలేదు, మనకోసం కాచుకున్నాది."

"మనకోసమా?" రాజలక్ష్మమ్మ చెయ్యి బుగ్గమీదికి పోయింది. "అయ్యో, నా తల్లే! మరి వడ్డించేదెవరు?"

"గిన్నెలు నడిమధ్యన పెట్టేద్దాం. ఎవరికి కావల్సింది వాళ్లు..."

"నాతో కలిసి కూర్చునేదానికి మీ అత్త ఒప్పుకోవాల గదా" అన్నాడు మామగారు, అప్పటికే చొక్కా విప్పుతూ. "పెళ్లి పంక్తిలో ఒకతూరి కూర్చున్నాది. అంతే."

"చాల్లే సంబడం! పోయి చెయ్యి కడుక్కోండి" అంది కానీ, ఆవిడ తన ఆకు తనే తెచ్చుకుంది.

ఫుమికో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. దాన్ని ఆకులో పెట్టేసింది. నాలుగాకుల్లోనూ అన్నం పడేదాకా మోకాళ్లమీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. తరువాత తల వంచి తన మాట తాను అనుకుంది. రాజలక్ష్మమ్మ అదేమిటో తెలియకపోయినా తనూ తల వంచింది.

ఇక తిండి చూడాలి! ఫుమికో పులుసు రెండుసార్లు పోసుకుంది. ముల్లు ఎలా తియ్యాలో మామగారికే చూపించింది. "ఇది చేపల బళ్లోకి పోవాల్సింది, మనవాడు పోయినాడే!" అన్నాడాయన. అందరూ నవ్వారు. ఎందుకో తెలియకుండానే ఫుమికో కూడా నవ్వింది. నవ్వాక జయంతివైపు వంగి ఇంగ్లీషులో అంది: "రేపు నేను ప్రొఫెసరుగారి దగ్గరికి వెళ్లను."

"మంచిది" అంది జయంతి.

"ఏమంటా వుండాది?" అని అడిగింది అత్త.

"ఏడాదంతా ఈడే వుంటాదంట."

"వుండకేం జేస్తాది! నేను పంపిస్తేగా!" రాజలక్ష్మమ్మ ముఖం వెలిగిపోయింది. "వాడు ఆడ, ఈ బిడ్డ ఈడ. చల్లంగా వుంటారు."

మామగారు చెయ్యి కడుక్కుని కొట్లోకి పోయాడు. అత్త మజ్జిగ తేవడానికి లేచింది. జయంతి చేప ముక్క పక్కకి జరిపి అన్నం కలిపింది. మళ్లీ కలిపింది. లేచి పెరట్లోకి పోతే బాగుండును, పంపు కింద ముఖం పెట్టుకుంటే ఎవరికీ తెలియదు అనుకుని తల ఎత్తింది.

ఎదురాకు ఖాళీ. ఫుమికో తినడం ఎప్పుడో అయిపోయింది. ఎంగిలి చెయ్యి ఎండిపోతున్నా లేవకుండా, తొందరేమీ లేదన్నట్టు, జయంతి తినడం అయ్యేదాకా కూర్చుని ఉంది.

జయంతి చిన్న ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది.